వేటగాడి వెనకే ఎగిరిన తల్లి పక్షి

లాస్ ఏంజెలెస్ నగరానికి ఉత్తరాన వంద కిలోమీటర్ల దూరంలో టెహాచాపీ కొండలు. శరత్కాలం. వేసవంతా ఎండిన గడ్డి పసుపుపచ్చగా మారి గాలికి ఊగుతోంది. లోయ మడతల్లో గుబురుగా ఓక్ చెట్లు. పొద్దు పొడిచి గంటయినా కాలేదు. వాలు మీద ఒక్కటే తుపాకీ మోత. జింక నాలుగడుగులు వేసి కూలబడింది.

ఆ తర్వాత వేటగాడు తొందరపడడు. జింక కదలిక పూర్తిగా ఆగేదాకా నిలబడతాడు. చొక్కా చేతులు పైకి మడిచి కత్తి తీస్తాడు. తొడల మధ్య నుంచి రొమ్ము ఎముక దాకా, లోపలి పొట్టసంచికి కత్తిమొన తగలకుండా కోస్తాడు. సంచి చిట్లిందంటే అందులోని పసరు మాంసానికంతా పట్టి పాడుచేస్తుంది. పక్కటెముకల లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి, గొంతు దగ్గర శ్వాసనాళం కోసి గట్టిగా లాగితే ఊపిరితిత్తులు, పొట్ట, పేగులు అన్నీ ఒక్క ముద్దగా బయటికి జారతాయి. చలిగాలిలో వాటి మీంచి ఆవిరి లేస్తుంది. గుండె, కార్జం ఇష్టమున్నవాళ్లు సంచిలో వేసుకుంటారు. మిగతాది అక్కడే వదిలేస్తారు. మాంసం త్వరగా చల్లారాలి, మోత బరువు తగ్గాలి, బండి దాకా ఈడ్చుకెళ్లాలి. ఇందులో తప్పేమీ లేదు. వేటను బాధ్యతగా చేసేవాళ్లు తరతరాలుగా చేస్తున్న పనే.

వేటగాడు మలుపు తిరిగేలోపే బొంతకాకి దిగుతుంది. ఒకటి దిగిందంటే వెనక ఇంకో నాలుగు. కాసేపటికి వాసన పట్టుకుని ఎర్రతల రాబందులు వస్తాయి. వాటిని చూసి బంగారు గద్ద వచ్చి అందరినీ తరిమేసి కుప్ప మీద ఎక్కి కూర్చుంటుంది. అప్పటికి ఆకాశంలో చాలా ఎత్తున ఒక నల్లని గీత కనిపిస్తుంది. రెక్క ఆడించదు. గాలిని నమ్ముకుని మెల్లగా చుట్లు తిరుగుతూ కిందికి దిగుతుంది. దగ్గరికొచ్చేకొద్దీ దాని రెక్కల విస్తారం తెలుస్తుంది. ఈ కొస నుంచి ఆ కొసకు తొమ్మిదిన్నర అడుగులు. రెక్కల అడుగున తెల్లటి పట్టీ. ఈకలు లేని నారింజ రంగు తల. అది కాలిఫోర్నియా కాండర్. ఉత్తర అమెరికాలో ఎగిరే నేలపక్షుల్లో దాన్ని మించినది లేదు.

కాండర్‌కు వాసన పట్టే శక్తి అంతంత మాత్రమే. దాని బతుకంతా కళ్ల మీదే. కింద కాకులు ఎక్కడ గుమిగూడాయి, గద్ద ఎటు వాలింది, రాబందులు ఏ లోయ మీద చుట్లు తిరుగుతున్నాయి అని పైనుంచి కనిపెట్టి అటు మళ్లుతుంది. రోజుకు రెండు వందల కిలోమీటర్లకు పైగా తిరగగలదు. ఎక్కడ ఏ కాలంలో చచ్చిన జంతువు దొరుకుతుందో పెద్ద పక్షులకు తెలుసు. పిల్లలు వాటి వెంట ఎగిరి నేర్చుకుంటాయి.

ఈ కొండల్లో అలా మేత వెతుక్కున్న ఒక పెద్ద పక్షి కథ ఇది. శాస్త్రవేత్తల పుస్తకాల్లో దాని పేరు ఏసీ-8. పెద్ద కాండర్, ఎనిమిదో నంబరు, అంతే. కానీ దాని చుట్టూ పనిచేసినవాళ్లు దాన్ని ఒక వంశానికి మూలమైన తల్లిగా చూశారు.

1980ల మొదట్లోనే కాండర్ల లెక్క చేతివేళ్లకు దగ్గరపడింది. 1982లో మొత్తం ప్రపంచంలో మిగిలినవి 22. 1984-85 చలికాలంలో అడవిలో ఉన్న 15 పక్షుల్లో 6 కనబడకుండా పోయాయి. ఎందుకు చస్తున్నాయో అంతుపట్టక జీవశాస్త్రవేత్తలు తలలు పట్టుకున్నారు. దొరికిన కొన్ని శవాలను కోసి చూస్తే సీసం బయటపడింది. 1986 జనవరిలో ఏసీ-3 అనే ఆడ కాండర్ నీరసించిపోయి దొరికితే శాన్‌డియేగో జూకు చేర్చారు. సీసం విషానికి అదీ చచ్చిపోయింది. అడవిలో ఉన్నవాటినన్నిటినీ పట్టి తెచ్చేద్దామని అమెరికా వన్యప్రాణి శాఖ అంది. అడవి లేని కాండర్ కాండరే కాదని ఆడుబాన్ సొసైటీ కోర్టుకెక్కింది. మొదట పట్టివేతకు అడ్డుపడిన తీర్పు ఆ వేసవిలో అప్పీలు కోర్టులో తిరగబడింది. 1986 జూన్‌లో ఏసీ-8ని పట్టుకున్నారు. అడవిలో మిగిలిన చివరి ఆడ కాండర్ అదే.

దాని జతగాడు ఏసీ-9. కుర్ర పక్షి. ఆ తర్వాత ఇంకో పది నెలలు అది ఆ కొండల మీద తిరిగింది. 1987 ఏప్రిల్ 19, ఈస్టర్ ఆదివారం. బిట్టర్ క్రీక్ అనే చోట ఎరగా వేసిన కళేబరం మీద వాలింది. మాటు వేసినవాళ్లు ఫిరంగి గొట్టాలతో వల విసిరారు. ఆ రోజుతో ఆకాశంలో కాలిఫోర్నియా కాండర్ అన్నది లేకుండా పోయింది. పంజరాల్లో ఉన్నవన్నీ కలిపితే 27.

ఏసీ-8 పద్నాలుగేళ్లు పంజరంలో ఉంది. గుడ్లు పెట్టింది. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలు పెరిగి పెద్దవై, 1992 నుంచి మొదలైన విడుదలల్లో అడవికి చేరిన పక్షుల వంశవృక్షంలో కొమ్మలయ్యాయి. కాండర్ ఆరేళ్లకుగానీ జతకట్టదు. రెండేళ్లకు ఒక్క గుడ్డు పెడుతుంది. అరవై ఏళ్లు బతకగలదు. ఇలాంటి జాతిలో ఒక్క పెద్ద ఆడపక్షి పోతే పూడ్చుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్క వేసుకోవచ్చు.

అడవిలోకి వదిలిన కుర్ర కాండర్లతో ఒక చిక్కు వచ్చింది. వాటిని మనిషి ముఖం కనబడకుండా కాండర్ తల ఆకారంలో ఉన్న తోలుబొమ్మలతో మేత పెట్టి పెంచారు. అయినా వాటికి దారి చూపే పెద్దదిక్కు లేదు. కరెంటు స్తంభాల మీద వాలి చచ్చేవి కొన్ని, ఇళ్ల డాబాల మీదికి వచ్చి పరుపులు చింపేవి కొన్ని. ఆకాశంలో దారులు ఎరిగిన ఒక పెద్ద పక్షి కావాలి. అందుకే 2000 ఏప్రిల్‌లో ఏసీ-8ని మళ్లీ వదిలారు. పంజరం తలుపు తీశాక పద్నాలుగేళ్ల క్రితం తను తిరిగిన మార్గాలకే అది చేరుకుంది. టెహాచాపీ అంచున ఉన్న తెహోన్ రాంచ్ మీదుగా ఎగిరింది. కాలిఫోర్నియాలో ఒకేచోట కలిసి ఉన్న అతిపెద్ద ప్రైవేటు భూమి అది. రెండు లక్షల డెబ్భై వేల ఎకరాలు. అక్కడ పశువులు మేస్తాయి. జింకలు, అడవి పందులు తిరుగుతాయి. వేట కూడా జరుగుతుంది.

కాండర్లను వదిలిన చోట సిబ్బంది వారంవారం శుభ్రమైన మేత పెట్టేవారు. పాల డెయిరీల నుంచి తెచ్చిన చచ్చిపుట్టిన దూడలు. తుపాకీ తగలని మాంసం. కుర్రపక్షులు అక్కడే తచ్చాడుతూ తినేవి. దారి తెలిసిన పక్షి మాత్రం దూరం పోతుంది. దూరం పోయి, తనంతట తాను మేత సంపాదించుకుంటుంది. కాండర్ కాండర్‌లా బతకడమంటే అదే కదా. ఈ జాతి మీద చేసిన పరిశోధనల్లో నాకు అన్నిటికన్నా కష్టం కలిగించిన విషయం ఇదే. మనిషి పెట్టే కూడు మీద ఆధారపడటం ఎంత తగ్గితే, ఆ పక్షి రక్తంలో సీసం అంత పెరుగుతోంది. నేర్చుకున్న విద్య ఎంత ఎక్కువైతే ముప్పు అంత ఎక్కువ.

2002 శరత్తులో ఏసీ-8 రక్తంలో విపరీతమైన సీసం ఉన్నట్టు బయటపడింది.

సీసం ఆ పక్షి ఒంట్లోకి ఎలా వెళ్తుందో తెలియాలంటే ఆ పేగుల కుప్ప దగ్గరికి మళ్లీ వెళ్లాలి. రైఫిల్ తూటాలో ఎక్కువ భాగం సీసం, పైన రాగి తొడుగు. సెకనుకు ఎనిమిది వందల మీటర్ల వేగంతో జింకకు తగిలినప్పుడు మెత్తటి సీసం విచ్చుకుని, పోపులో చిటపటలాడే ఆవాల్లా నలువైపులా చెదురుతుంది. కంటికి ఆనని రేణువులు గాయం దారికి ఎంతో దూరాన మాంసంలో, కార్జంలో, ఊపిరితిత్తుల్లో దిగబడతాయి. కడుపు చీల్చినప్పుడు చేతికి తగలవు. రక్తం కడిగినా పోవు. 2006లో అచ్చయిన ఒక అధ్యయనంలో గ్రెయింజర్ హంట్ బృందం వేటలో చచ్చిన 38 జింకల అవశేషాలను ఎక్స్‌రే తీసింది. సీసం తూటాలతో కొట్టిన జింకల్లో వందకు పైగా ముక్కలున్నవి 74 శాతం. అడవిలో వదిలేసిన 20 పేగుల కుప్పల్ని చూస్తే 18 కుప్పల్లో ముక్కలు కనిపించాయి. వాటిలో ఐదింటిలో రెండు వందలకు పైనే. రాగి తూటాలతో కొట్టిన నాలుగు జింకలనూ కలిపి చూస్తే మొత్తం ఆరంటే ఆరు ముక్కలు.

కాండర్ కడుపులో ఆమ్లం బలమైనది. కుళ్లిన మాంసంలోని క్రిముల్ని చంపి ఎముక ముక్కల్ని కూడా అరిగించుకునే ఆమ్లం అది. ఇన్ని వేల ఏళ్లుగా దాన్ని కాపాడిన ఆ శక్తే సీసాన్ని కరిగించి రక్తంలోకి పంపుతుంది. మొదట నరాలు పట్టు తప్పుతాయి. మెడ కింద ఉండే మేతసంచి కండరాలు పనిచేయడం మానేస్తాయి. మింగినది కిందికి దిగదు. మేతసంచి నిండా మాంసం పెట్టుకుని పక్షి ఆకలితో మాడిపోతుంది. రెక్కలు వాలిపోతాయి. కళ్ల ముందు తిండి ఉన్నా లేచి వెళ్లలేదు.

ఏసీ-8ని లాస్ ఏంజెలెస్ జూకు తెచ్చారు. అప్పటికి దాని వయసు నలభై దాకా ఉంటుందని అంచనా. చికిత్స ఒక్క రోజుతో అయ్యేది కాదు. సీసాన్ని పట్టి మూత్రంలో బయటికి తోసే మందును ఇంజెక్షన్‌గా రోజుల తరబడి ఇవ్వాలి. ఎనిమిది తొమ్మిది కిలోల బరువుండి, ముక్కుతో వేలు కొరికేయగల పక్షిని ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు ఒడిసిపట్టాలి. ఒకరు తల పట్టుకుంటే ఒకరు రెక్కలు మడిచి కాళ్లు అదుముతారు. మనుషుల చేతుల్లో ఉండడమే ఆ పక్షికి పెద్ద హింస. అయినా తట్టుకుంది. కోలుకుంది. ఆ ఏడాది ముగిసేలోగా మళ్లీ కొండల్లో వదిలారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వేటగాడి వెంట తిరగడం కాండర్‌కు కొత్తగా పట్టిన దురలవాటు కాదు. ఏనుగుల్లాంటి మామత్‌లు ఆ నేల మీద తిరిగిన మంచుయుగంలో పులుల్లాంటి మృగాలు చంపినవీ, మనుషులు ఈటెలతో కొట్టినవీ తిని బతికిన జాతి అది. వేటాడే జీవి దేన్నైనా చంపితే తనకు వాటా మిగులుతుందని శవాలు తిని బతికే ప్రతి జీవికీ తెలుసు. తుపాకీ వచ్చాక ఆ వాటా ఉన్నచోటు చప్పుడుతో సహా తెలుస్తోంది.

దీన్ని ప్రయోగం చేసి చూపించినవాడు క్రో వైట్ అనే పరిశోధకుడు. వాయోమింగ్‌లో గ్రాండ్ టీటన్ పర్వతాల దగ్గర జాక్సన్ హోల్ లోయ ఉంది. ఎల్క్ జింకల వేట కాలం రాగానే అక్కడ బొంతకాకులు పెద్ద సంఖ్యలో చేరతాయి. వాటిని రప్పిస్తున్నది తుపాకీ మోతేనా అని అతనికి అనుమానం. చచ్చిన జంతువేదీ లేని చోట నిలబడి ఆకాశంలో కాకుల్ని లెక్కపెట్టి, తుపాకీ పేల్చి, మళ్లీ లెక్కపెట్టాడు. ఇంకోచోట తుపాకీకి బదులు పెద్దగా మోగే హారన్ ఊదాడు. హారన్‌ను కాకులు పట్టించుకోలేదు. తుపాకీ పేలితే మాత్రం చెట్ల మీదుగా శబ్దం వచ్చిన వైపు తిరిగి వచ్చాయి. దట్టమైన అడవిలో, కంటికి జంతువు కనబడని చోటనే ఈ రాక ఎక్కువ. చూపు ఆననప్పుడు చెవిని నమ్ముకుంటున్నాయన్నమాట. 2005లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఆ తర్వాత మూడేళ్లకు డెరెక్ క్రెయిగ్‌హెడ్, బ్రయాన్ బెడ్రోసియన్ అదే ప్రాంతంలో 302 బొంతకాకుల రక్తం తీసి పరీక్షించారు. వేట లేని నెలల్లో సీసం హెచ్చుగా ఉన్నవి వందకు రెండు. వేట కాలంలో వందకు 47. ఆ పక్షుల తెలివితేటల్ని మెచ్చుకుంటూ వైట్ ప్రయోగం చదివినవాళ్లు ఈ రెండో లెక్క చదివితే ఒక క్షణం ఆగిపోతారు.

పక్షులే కాదు. యెల్లోస్టోన్ జాతీయ పార్కు లోపల వేట నిషేధం, ఉత్తరపు హద్దు దాటితే అనుమతి. సెప్టెంబరులో ఎల్క్ వేట మొదలవగానే గ్రిజ్లీ ఎలుగుబంట్లు పార్కు లోపలి నుంచి హద్దు బయటికి జరుగుతున్నట్టు మెడపట్టీలు కట్టి చూసిన పరిశోధకులు గమనించారు. చలికాలం గుహలో పడుకోబోయే ఎలుగుకు కొవ్వు పట్టే చివరి రోజులవి. మనిషి వదిలిన పేగుల కుప్ప దానికి వరం. కొట్టిన ఎల్క్‌ను రాత్రికి అక్కడే ఉంచి తెల్లారి మోసుకుపోదామని వెళ్లిన వేటగాళ్లకు ఎలుగు ఎదురై ప్రాణాలు పోయిన ఉదంతాలు ఆ పర్వతాల్లో ఉన్నాయి. పర్వత సింహానిది మాత్రం దీనికి పూర్తిగా తిరగబడిన స్వభావం. శాంతాక్రూజ్ కొండల్లో పర్వత సింహాలు చంపిన జింకల దగ్గర స్పీకర్లు పెట్టి మనుషుల మాటలు వినిపిస్తే అవి వేటను వదిలి పారిపోయాయి. తిరిగొచ్చినా తినే సమయం సగానికి తగ్గింది. మనిషి చప్పుడు ఒకరికి విందు పిలుపు, ఇంకొకరికి ప్రాణభయం. చంపి తినేదానికి మనిషి పోటీదారు. మిగిలింది తినేదానికి మనిషి అన్నదాత. కాండర్ ఈ రెండో వరుసలోది. అందుకే అది మనిషిని చూసి పారిపోదు.

2003 ఫిబ్రవరి. తెహోన్ రాంచ్‌లో అడవి పందుల వేట. డబ్బు కట్టిన వేటగాళ్లు కొండల్లోకి చెదిరిపోయారు. ఏసీ-8 ఒక చెట్టు మీద కూర్చుని ఉంది. జూ నుంచి బయటపడి రెండు నెలలైనా నిండలేదు. కింద తుపాకీ పట్టుకున్న మనిషి ఉన్నాడు. ఆ పక్షి జీవితానుభవంలో తుపాకీ పట్టుకున్న మనిషి అంటే కాసేపట్లో మేత. ఎగిరిపోవాల్సిన కారణం దానికి కనిపించి ఉండదు.

అతను గురిపెట్టి కాల్చాడు.

శవం దొరికాక దర్యాప్తు మొదలైంది. కాల్చిన యువకుడు దొరికాడు. అది కాండరని తనకు తెలియదని అన్నాడు. అంతరించిపోతున్న జీవుల చట్టం కింద కేసు నడపాలంటే, చంపింది ఏ జీవినో నిందితుడికి తెలుసని నిరూపించగలగాలన్నది అప్పట్లో న్యాయశాఖ పాటించిన విధానం. కాబట్టి వలస పక్షుల ఒప్పంద చట్టం కింద కేసు పెట్టారు. నేరం ఒప్పుకున్నాడు. ఐదేళ్ల ప్రొబేషన్, ఇరవై వేల డాలర్ల జరిమానా. కాండర్లతో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు ఆ శిక్ష గుండెల్లో ముల్లయింది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ యువకుడి మీద కోపంలో ఒక సంగతి మరుగున పడింది. అతను కావాలని పేల్చిన ఆ తూటా కన్నా, నాలుగు నెలల ముందు ఇంకెవరో మంచి మనసుతోనే జింకనో పందినో కొట్టి ఇంటికెళ్లిపోగా మిగిలిన తూటాయే ఆ పక్షిని చావు అంచుదాకా తీసుకెళ్లింది. మొదటిదానికి కోర్టు ఉంది. రెండోదానికి అప్పట్లో చట్టమే లేదు.

ఆ రెండోదాని వెంట శాస్త్రం నడిచింది. సీసానికి వేలిముద్రలాంటి గుర్తు ఉంటుంది. ఏ గనిలోంచి వచ్చిందో, దేనిలో వాడారో దాని ఐసోటోపుల నిష్పత్తి చెబుతుంది. కాండర్ల రక్తంలోని సీసం గుర్తు, దుకాణాల్లో అమ్మే తూటాల గుర్తుతో సరిపోయిందని 2006లో మాలీ చర్చ్ బృందం తేల్చింది. 2012లో మైరా ఫింకెల్‌స్టీన్ బృందం ఇంకో లెక్క వేసింది. ఒక కాండర్ ఏడాదికి 75 నుంచి 150 కళేబరాల మీద వాలుతుంది. రెండు వందల కళేబరాల్లో ఒక్కదానిలోనే సీసం ఉన్నా, పదేళ్లలో ఆ పక్షి విషం బారిన పడే అవకాశం 85 నుంచి 98 శాతం. అప్పటికి ప్రతి ఏటా అడవిలోని కాండర్లలో ఐదో వంతు పక్షులకు చికిత్స చేయాల్సి వస్తోంది. వేటగాళ్లలో దాదాపు అందరూ మారినా చాలదు, మిగిలిన ఒకరిద్దరి కుప్పలే చాలు.

కాలిఫోర్నియా చట్టం మెట్టుమెట్టుగా వచ్చింది. 2007లో కాండర్లు తిరిగే ప్రాంతం వరకు పెద్ద జంతువుల వేటలో సీసం తూటాలు నిషేధించారు. ఏసీ-8 కూలిన తెహోన్ రాంచ్ యాజమాన్యం తన నేల మీద తానే ఆ నిషేధం పెట్టుకుని 2008 నుంచి అమలు చేసింది. 2013లో రాష్ట్రమంతటికీ చట్టం చేశారు. 2019 జులై 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. తుపాకీ సంఘాలు అడుగడుగునా అడ్డుపడ్డాయి. సీసం మీద నిషేధమంటే చివరికి వేట మీదే నిషేధమని వాదించాయి.

ఆ వాదనకు అరిజోనాలో వేటగాళ్లే జవాబిచ్చారు. గ్రాండ్ కాన్యన్ ఉత్తరాన కైబాబ్ పీఠభూమిలో నిషేధం లేదు. 2005 నుంచి రాష్ట్ర వేట శాఖ అక్కడ జింక వేటకు అనుమతి దొరికిన వాళ్లకు సీసం లేని తూటాలు ఉచితంగా ఇస్తోంది. ఎవరైనా సీసంతోనే కొడితే పేగుల కుప్పను సంచిలో మోసుకొచ్చి అప్పజెప్పమంటుంది. అప్పజెప్పినవాళ్లకు లాటరీ బహుమతులు. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది ఏదో ఒక రకంగా సహకరిస్తున్నారు. తూటా మార్చుకున్న వేటగాడు కాండర్‌కు శత్రువు కాడు. పశువుల మందలు తగ్గి, చచ్చిన జంతువును వెంటనే పూడ్చిపెట్టే ఈ రోజుల్లో, రాగితో కొట్టిన జింక పేగులు ఆ పక్షికి దొరికే మంచి భోజనాల్లో ఒకటి.

మన దగ్గర ఈ కథ చదివేవాళ్లకు వెంటనే తట్టే పేరు డైక్లోఫెనాక్. తుపాకీ సంగతి వేరు. పశువుకు నొప్పి తగ్గాలని వేసిన ఇంజెక్షన్, ఆ పశువు చచ్చాక రాబందు మూత్రపిండాలను చంపింది. భారతదేశంలో తొంభైల్లో మొదలై లక్షల రాబందులు రాలిపోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకం నిషేధించారు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట కొండచరియల మీద పొడుగుముక్కు రాబందుల గూళ్లు 2013లో బయటపడ్డప్పుడు అటవీ సిబ్బంది, పక్షి ప్రేమికులు ఎంత సంబరపడ్డారో తెలిసినవాళ్లకు, కాలిఫోర్నియాలో ఒక్క ముసలి పక్షి కోసం అంత ఆరాటం ఎందుకో విడమరచి చెప్పనక్కర్లేదు. అక్కడా ఇక్కడా శవాన్ని తినే పక్షి తన పని తాను చేసింది. ఆ శవంలో మనం ఏం వదిలామన్నదే తేడా.

ఏసీ-8 జతగాడు ఏసీ-9ని 2002లోనే అడవికి వదిలారు. ఈ జాతి మొత్తం లెక్క ఇప్పుడు అయిదు వందలు దాటింది. మూడు వందలకు పైగా ఆరుబయట ఎగురుతున్నాయి. ఒకప్పుడు ఇరవై రెండు. అయినా వాటిలో చాలా పక్షుల్ని ఏటా పట్టి, రక్తం తీసి, సీసం చూసి, అవసరమైతే జూకు పంపి మళ్లీ వదులుతూనే ఉన్నారు. సీసం విషమే ఇప్పటికీ వాటి చావులకు మొదటి కారణం.

కాలిఫోర్నియా ఉత్తర కొసన యూరోక్ అనే ఆదివాసులు ఉన్నారు. నూరేళ్లకు పైగా వాళ్ల ఆకాశంలో కాండర్ లేదు. వాళ్ల పూజల్లో దాని ఈకలకు, పాటలకు స్థానం ఉంది. పక్షిని తెచ్చుకోవాలని నిర్ణయించుకున్నాక వాళ్లు మొదట వెళ్లింది వేటగాళ్ల దగ్గరికే. ఆ తెగలోనూ వేటగాళ్లు ఉన్నారు. సీసం తూటా, రాగి తూటా పక్కపక్కన పేల్చి, ఏది ఎలా చెదురుతుందో వాళ్ల కళ్లకే చూపించారు. ఏళ్ల తరబడి ఆ పని చేశాక 2022 మేలో రెడ్‌వుడ్ అడవుల మీద మొదటి పక్షుల్ని వదిలారు. 2025 జనవరిలో అక్కడి కుర్ర కాండర్ ఒకటి చనిపోయింది. పరీక్షిస్తే కడుపులో ఒక ఎయిర్‌గన్ గుండు దొరికింది. సీసపు గుండు. చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి ఐదున్నరేళ్లు. ఎయిర్‌గన్‌తో కొట్టేది ఉడతలాంటి చిన్న జీవుల్ని. కొట్టి అక్కడే పడేసిపోతారు. తూటాల దుకాణాల్లో చిన్న డబ్బాల్లో ఆ సీసం గుండ్లు ఇప్పటికీ అమ్ముతున్నారు. కాబట్టి యూరోక్ వన్యప్రాణి విభాగం వాళ్లు జింక వేటగాళ్లకు చెబుతున్న మాటలే ఇప్పుడు ఉడతల్ని కొట్టేవాళ్లకూ చెప్పాల్సి వస్తోంది.